మంచాల మీది పెద్దమనుషులు

కోనాపురం ప్రజావైద్యశాల కరీంనగర్ జిల్లాకే గర్వకారణమని అందరికీ తెలిసిందే. తెలియనివారుంటే గోడమీద రాసి ఉంది, చదువుకోవచ్చు. పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఏడు రెండు గదులతో మొదలైన ఈ ఆసుపత్రి, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, కేవలం పెద్దమనుషుల తండ్రులు వరసగా కాలం చేయడం వల్లనే ఇంతటిది అయింది.

ఆ పద్ధతి కనిపెట్టినవాడు ఆసుపత్రి కమిటీ కార్యదర్శి, నూలు వ్యాపారి లింగమూర్తి. తండ్రి పోయినవారు ఆయన పేరిట ఒక ఇనుప మంచం ఇవ్వాలి. మంచానికి పేరు రాయిస్తారు, దానికి ఎగువన గోడకు పటం తగిలిస్తారు. అధ్యక్షులు కిషన్‌రావు దొర తమ తండ్రి పేరిట ఏకంగా ప్రసూతి గది కట్టించి, అందులో నిలువెత్తు పటం పెట్టించారు. పటంలో పెద్దదొర చేతిలో తుపాకి, కాళ్ల దగ్గర చచ్చిన పులి ఉన్నాయి. కాన్పుకు వచ్చే స్త్రీలకు ఇంతకన్నా ధైర్యమిచ్చే దృశ్యం ఉండబోదని ప్రారంభోత్సవంలో వక్తలు సెలవిచ్చారు. లింగమూర్తి కూడా తన తండ్రి రాజలింగు పేరిట వసారా మూలన ఒక మంచం వేయించుకున్నాడు.

మంచాలు పెరిగాయి. రోగులూ బాగానే వచ్చారు. కాకపోతే వచ్చినవాళ్లు మంచం కింద పడుకునేవారు. ఆ ప్రాంతపు మర్యాద తెలిసినవారికి ఇందులో వింతేమీ లేదు. దొర వీధిలో పోతుంటే, ఎవరి వాకిట్లో వాళ్లు మంచం మీద కూర్చున్నా సరే, దిగి నిలబడాలి. జాగీర్లు రద్దు చేస్తూ చట్టం వచ్చిన మాట నిజమే. కానీ చట్టం కాగితం నుంచి మోకాళ్లదాకా దిగాలంటే కొంత వ్యవధి పడుతుంది.

ఒక దొర పటం కింది మంచం దగ్గర, జ్వరంతో వణుకుతున్న మొగిలి అనే నేతగాణ్ణి లింగమూర్తి స్వయంగా బతిమాలి చూశాడు.

"మంచమెక్కరా మొగిలీ. గిది నీకోసమే ఏసింది."

"దొర ముంగట మంచమెక్కుడా సావుకారీ?"

"దొర ఎప్పుడో సచ్చిపాయె గదరా."

"సచ్చిండు గని సూస్తుండు" అని మొగిలి పటం వైపు చూపించి, దుప్పటి లాక్కొని మంచం కింద సర్దుకున్నాడు.

ఈ పద్ధతి వల్ల పరుపులు కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి. పరిశుభ్రతలో మన ఆసుపత్రికి సాటి లేదని కమిటీ ఏటేటా తనను తాను అభినందించుకునేది.

లింగమూర్తికి మాత్రం ఒక ఫికర్ ఉండేది. ఆసుపత్రికి కాంపౌండరు ఉన్నాడు గాని డాక్టరు లేడు. లింగమూర్తి భార్య శంకరవ్వకు తొలికాన్పు కష్టమైనప్పుడు కరీంనగర్ తీసుకుపోతుంటే మానేరు ఇసుకలో బండి దిగబడింది. బిడ్డ దక్కలేదు. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనడు, కానీ ఊళ్లో ఆసుపత్రి ఉండాలన్న పట్టుదల ఆ ఇసుకలోనే పుట్టింది. ఇప్పుడు కూతురు అనసూర్య తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. డాక్టరమ్మ కావాలని రాసి రాసి ఆయన వేళ్లు అరిగాక, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు సర్కారు కరుణించింది. తనిఖీ నాడు మంచాల మీద రోగులు కనబడితే డాక్టరమ్మను ఇస్తారట. లేకుంటే ఆమె వేరే ఊరికి పోతుందట.

కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. పటాలు దించితే రోగులు మంచాలెక్కుతారేమోనని లింగమూర్తి నసిగాడు. కిషన్‌రావు దొర లేచి నిలబడ్డారు.

"పటాలు దించుడంటే మా బాపులను రెండోసారి సంపుడే. గిది మేం సహించం. మంచాలు ఖాళీ ఉండొద్దన్నరు, గంతే గదా. మా బాపుల మంచాల మీద మేమే పంటం. ప్రజల కోసం ఎంత తకిలీఫైనా పడాలె."

చప్పట్లు మోగాయి. ఆ త్యాగనిరతికి కొందరు కళ్లు తుడుచుకున్నారు.

తనిఖీ నాడు అసలు రోగులను వెనక వసారాలో కూర్చోబెట్టారు. దాతలు తమ ఇంటి దిండ్లతో, ఉంగరాలతో, వెండి పాన్‌దాన్లతో వచ్చి ఎవరి తండ్రి కింద వారు పడుకున్నారు. దొర గడీలోని ఆడవాళ్లు నలుగురిలోకి రారు, పెద్దదొర మంచమెక్కే అర్హత మరొకరికి లేదు. కనుక ప్రసూతి గదిలో కిషన్‌రావు దొరే గడ్డందాకా దుప్పటి కప్పుకొని పడుకున్నారు.

తనిఖీ అధికారి వెంట డాక్టర్ తారాబాయి కూడా వచ్చింది. ఆదిలాబాద్ వైపు పిల్ల, ఆ ఉద్యోగం ఆమెకే ఇవ్వజూపారు. అధికారి ఒక్కొక్కరి నాడీ చూసుకుంటూ ప్రసూతి గది చేరారు. దుప్పటి కింది ఆకారాన్ని చూసి, "ఎన్నో నెల?" అని అడిగారు.

"అధ్యక్ష పదవిల ఇది ఎనిమిదో ఏడు" అన్నారు కిషన్‌రావు దొర.

అధికారి కలం తీశారు. "ఇంత దిట్టమైన రోగులను నా సర్వీసులో చూడలేదు. డాక్టరు వస్తే వీళ్ల ఆరోగ్యం పాడవుతుంది" అని రాస్తుండగా, శంకరవ్వ కూతుర్ని పొదివి పట్టుకొని ఆసుపత్రి వాకిట్లోకి వచ్చింది. అనసూర్యకు నొప్పులు మొదలయ్యాయి.

"మంచం ఖాళీ చేయండి" అంది తారాబాయి.

కిషన్‌రావు దొర కదల్లేదు. "బాపు మంచం మీద పురుడా? మైల గాదా? గిది కమిటీల పెట్టాలె" అన్నారు.

సభ్యులందరూ పడుకునే ఉన్నారు కనుక కోరానికి లోటు లేదు. మంచాల మీదినుంచే సమావేశం మొదలైంది. అనసూర్యకు సానుభూతి తెలుపుతూ మొదటి తీర్మానం ఏకగ్రీవమైంది. ప్రసూతి గదిలో ప్రసవాలు జరపవచ్చునా అన్న ప్రశ్నను ఉపసంఘానికి అప్పగిస్తూ రెండోది చర్చకు వచ్చింది. కార్యదర్శి అలవాటు చొప్పున రాసుకుంటున్నాడు. వాకిట్లో అనసూర్య మూలిగింది. లింగమూర్తికి ఇసుకలో తిరగని బండి చక్రం కళ్లముందు నిలిచింది. ఆయన కలానికి మూత పెట్టాడు.

వసారా మూలన రాజలింగు మంచం మీద లింగమూర్తి తన బదులు పడుకోబెట్టిన మేనల్లుడు కైలాసం గుర్రుపెడుతున్నాడు. లింగమూర్తి వాణ్ణి లేపి కింద నిలబెట్టాడు. అంతవరకు బాగానే ఉంది. పటం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. తండ్రి బతికుండగా మడి తప్పినవాడు కాదు.

"తాతకు నేను చెప్పుకుంట బాపూ. నువ్వు జర జరుగు" అని అనసూర్య తనే మంచమెక్కింది.

వెనక వసారాలోంచి సమ్మవ్వ అనే ముసలి రోగి దగ్గుకుంటూ వచ్చి పటం దించింది. "ముసలాయనకు గీ సూసుడు దేనికి, నా ఒళ్ల పండుకోబెట్టుకుంట" అంది.

ఉపసంఘంలో ఎవరుండాలో తేలకముందే ఆడపిల్ల పుట్టింది. లింగమూర్తి అందరి ఎదుట భోరుమని ఏడ్చాడు. ఆ ఏడ్పులో ఎంత సంతోషం ఉందో శంకరవ్వ ఒక్కతెకే తెలుసు. అధికారి రాసినదంతా కొట్టేసి, ఒక మంచం వాడుకలో ఉంది, డాక్టరును ఇవ్వవచ్చు అని రాశారు. కిషన్‌రావు దొర అధ్యక్షతన తొలి ప్రసవం దిగ్విజయంగా జరిగిందని కమిటీ గోడమీద రాయించింది.

తారాబాయి పటాలన్నీ దుమ్ము దులపడానికని దింపి, తిరిగి పెట్టడం మరిచిపోయింది. ఆ మతిమరుపు చాలా ఏళ్లు నయం కాలేదు. జనం మెల్లగా మంచాలెక్కారు. మొగిలి కూడా ఒకసారి ఎక్కి, కింద పడతానేమోనని రెండు పక్కలా పట్టుకొని పడుకున్నాడు. ఆమెకు బదిలీ అయిన వారానికే పటాలు తిరిగి గోడకెక్కాయి. అప్పటికి ఊరికి కరెంటు వచ్చింది కనుక ఒక్కో పటానికి ఒక బల్బు కూడా అమర్చారు.

తర్వాత లింగమూర్తి షష్టిపూర్తి వచ్చింది. ఇంతటివాడు పోయేదాకా ఆగడం భావ్యం కాదని, బతికుండగానే ఆయన పటం పెట్టాలని కమిటీ తీర్మానించింది. మనవరాలు పుట్టిన మంచమే ఎంచుకుని, రాజలింగు పటాన్ని కొంచెం పక్కకు జరిపారు. ఇంత గౌరవానికి తాను తగనని ఆయన ఉపన్యాసంలో పదే పదే చెప్పాడు. ఫొటో మాత్రం అంతకు ముందే కరీంనగర్ పోయి కొత్త కోటు తొడిగి తీయించుకున్నాడు.

సభ ముగిశాక చూడబోతే, ఆ మంచం కింద మొగిలి మూటలా ముడుచుకొని ఉన్నాడు. మళ్లీ జ్వరం.

"మంచమెక్కు మొగిలీ."

"ఎక్కుత సావుకారీ. మీరు పొయినంక ఎక్కుత."

వాడు ఎక్కబోడని లింగమూర్తికి తెలుసు. తలెత్తి చూశాడు. పటంలోని లింగమూర్తి కూడా మొగిలినే చూస్తున్నాడు. దించడం పెద్ద పనేమీ కాదు, ఉన్నది ఒక్క మేకు. ఆయన చెయ్యి చాచాడు. పటం కొంచెం ఎడమవైపు ఒరిగి ఉంది. దాన్ని సరిచేసి ఇంటికి పోయాడు.

కోనాపురం వెళ్తే మీరూ ఒకసారి ఆసుపత్రి చూసి రండి. మంచాలు చాలానే ఖాళీగా ఉంటాయి. కూర్చోవద్దని మిమ్మల్ని ఎవరూ అనరు. మీరే నిలబడతారు.