గొంతులో పిల్లికి నాచురల్ ఇంగ్లీషు

ఫ్రెంచి డాక్టరు కాగితం మీద రాసిన మరుక్షణం ఓలేటి మరిడమ్మ గొంతులోకి పిల్లి దూరింది. యానాంలో ఇదేమంత వింత కాదు. ఫ్రెంచి నుడికారం ఏదైనా సర్కారీ కాగితమెక్కిందంటే, దానికి ఇంగ్లీషు అనువాదం మంజూరయ్యేదాకా ఉన్నది ఉన్నట్టు అమల్లో ఉంటుంది. గొంతు బొంగురుపోతే గొంతులో పిల్లి ఉందనడం ఫ్రెంచివాళ్ళ అలవాటు. వాళ్ళ గొంతు, వాళ్ళ ఇష్టం.

డాక్టరు తప్పు కూడా ఏమీ లేదు. మరిడమ్మ మొగుడు ఫ్రెంచి పటాలంలో పనిచేసి పోయాడు గనక, ఆవిడ పింఛను ఆగకుండా ఉండాలంటే, ఇంకా బతికే ఉందని ఏటా ఒక డాక్టరు చూసి రాసివ్వాలి. పేరు చెప్పమన్నాడాయన. ముందురోజంతా ఏటిగట్టు మీద పులస వేలం పాడి వచ్చిన మరిడమ్మకి గొంతు పెగల్లేదు. ఆయన తన భాషలో తనకి తోచిన మాట రాసి సంతకం పెట్టాడు. పిల్లి గోధుమరంగుది.

మరిడమ్మకున్న ఆస్తల్లా గొంతే. గోదారికి ఎర్రనీరు వచ్చి పులస పడే రోజుల్లో ఆవిడ కేకేస్తే అవతల ఎదుర్లంక దాకా వినపడేది. ఆ కేకకి చచ్చిన చేప కూడా ఓసారి తోకాడిస్తుందని గిట్టనివాళ్ళు అనేవారు. ఇప్పుడు నోరు తెరిస్తే మ్యావ్. అంతటితో ఊరుకున్నా బాగుండేది. పులసని చేతిలోకి తీసుకోగానే నోట్లోంచి పంజా ఒకటి బయటికొచ్చి చేపని గీరేది. కొనేవాళ్ళు జడుసుకుని పక్క గంప దగ్గరికి జరిగేవారు. పులస వెళ్ళిపోయేలోగా గొంతు రాకపోతే గట్టు మీద ఆవిడ చోటు ఇంకొకరిదైపోతుంది. పాడలేనిదానికి గట్టు మీద చోటెందుకని ఒకప్పుడు తన అత్తగారిని లేపేసి ఆ చోట్లో కూర్చున్నది కూడా మరిడమ్మే.

ఆడపడుచు నూకాలు ఆవిణ్ణి అనువాదాలు మంజూరు చేసే నుడికారాల విభాగానికి తీసుకెళ్ళింది. అక్కడ హాల్లో కాళ్ళ గోళ్ళ దాకా నీలంగా ఉన్న మనిషొకడు కూర్చున్నాడు. దిగులుగా ఉన్నవాడికి బొద్దింక పట్టిందంటారు ఫ్రెంచిలో. అనువాదం రాగానే బొద్దింక పోయింది గానీ, ఇంగ్లీషులో దిగులుపడ్డవాడు నీలంగా ఉంటాడు. పక్కనే ఒకమ్మాయి నిలబడి ఉంది. వస్తానని రాకుండా ఎగ్గొట్టినవాడు ఫ్రెంచిలో కుందేల్ని పెట్టిపోతాడు, ఇంగ్లీషులో మనిషిని నిలబెట్టిపోతాడు. దసరా నుంచి ఆ పిల్ల నిలబడే ఉంది. నూకాలు బెంచీ మీద జరిగి చోటిస్తే వద్దంది. కూర్చుంటే ఫైలు మళ్ళీ తెరుస్తారని దాని భయం.

విభాగం పెద్ద రఫాయేల్ పాపారావు మర్యాదస్తుడు. పిల్లికి కూడా నమస్కారం పెట్టాడు.

"మా వదినకి గొంతు బొంగురుపోయిందండీ, అంతే. ఆ ముక్క రాసేయండి, పిల్లి దిగిపోద్ది" అంది నూకాలు.

"అది తెలుగమ్మా. తెలుక్కి మా దగ్గర కాలమ్ లేదు."

"పోనీ ఇంగ్లీషులోనే బొంగురని రాయండి."

"సాదా మాట రాస్తే పని ఎగ్గొట్టానంటారు. నుడికారానికి నుడికారమే ఇవ్వాలి. పిల్లిని పిల్లి అనే రాస్తే నాకు ఇంగ్లీషు రాదంటారు. అక్కడ దొర టీ తాగుతూ ఏమంటాడో అదే రాయాలి. నాచురల్‌గా ఉండాలి."

"ఏమంటాడండీ?"

పాపారావు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "కప్ప అంటాడు."

"గొంతులోనేనా?"

"గొంతులోనే."

"ఇదేం నాయమండీ బాబూ, పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు!"

గుమస్తా ఒకడు ఉలిక్కిపడి నీళ్ళ బిందె కోసం చూశాడు. "తెలుగే కదా, ఏమీ కాదు" అని పాపారావు అతన్ని కూర్చోబెట్టాడు. మరిడమ్మ తల అడ్డంగా ఊపుతూ గట్టిగా మ్యావ్ అంది. అభ్యంతరం ఫ్రెంచిలో ఉన్నందువల్ల, అనువాదమయ్యాక పరిశీలిస్తామని ఆయన ఎంతో గౌరవంగా చెప్పాడు. ముద్ర పడింది. పిల్లి కిటికీలోంచి దూకి తన దారిన తాను పోయింది.

మర్నాడు గట్టు మీద మరిడమ్మ నోరు తెరిస్తే బెకబెకమంది. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "ఇంగ్లీషు కదండీ" అన్నాడు రాజమండ్రి నుంచి వచ్చిన హోటలాయన. అర్థం కాలేదని ఒప్పుకోవడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆయన తలూపుతూ పాట పెంచాడు, వెనకాయన ఇంకా ఎక్కువ అర్థమైనట్టు ఇంకాస్త పెంచాడు. గట్టు మీద అంత జోరుగా వేలం ఎన్నడూ సాగలేదు. చోటు నిలబడింది. ఇంటికొచ్చి, జరిగినదానికి నూకాల్ని నాలుగు తిట్టాలని మరిడమ్మ నోరు తెరిచింది. కప్పకి తిట్లు రావు. ఆవిడ కూలబడి ఏడ్చింది. ఏడుపు మాత్రం ఇంకా తనదే.

వారం తిరక్కుండా గట్టు మీది ఆడవాళ్ళంతా డాక్టరు చేత పిల్లి రాయించుకుని, విభాగంలో కప్ప వేయించుకోవడం మొదలెట్టారు. ఆ తర్వాత పిల్లల్ని తీసుకురావడం మొదలైంది. బళ్ళో వేసేముందు వేయిస్తే మంచిదని ఎవరో అన్నారట.

నూకాలు కూడా తన నాలుగేళ్ళ కూతుర్ని తయారుచేసి మరిడమ్మ దగ్గరికి తెచ్చింది. పిల్ల గంపలోని చేపల్ని ఒక్కోదాన్నీ పేరుపెట్టి పిలుస్తూ, అన్నం తిన్నారా అని అడుగుతోంది.

"వదినా, దీనికీ ఏయించేద్దామా? సిన్నప్పుడైతే గొంతు మెత్తగా ఉంటాది, నెప్పి తెలీదంట. నీ మాట మీదే ఉన్నాను. నువ్వొద్దంటే మానేత్తాను."

మరిడమ్మ పిల్లని ఒళ్ళోకి లాక్కుని, బతుకులో ఏ చేపకీ పాడనంత గట్టిగా, వద్దే అని అరిచింది. ఆ కేక అచ్చమైన ఇంగ్లీషులో బెకబెకమని ఎదుర్లంక దాకా వినపడింది.

నూకాలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సూసేవా, అత్త ఎంత సక్కగా సెప్పిందో! రేపు నువ్వూ అలాగే సెప్పాలి" అంటూ పిల్లని చంకనెత్తుకుని, డాక్టరు దగ్గర వరస పెరక్కముందే చేరాలని గబగబా నడిచింది. మరిడమ్మ అరుస్తూ వెనకాలే పరిగెత్తింది. దారిలో జనం మెచ్చుకుంటూ పక్కకి తప్పుకున్నారు.