లెక్కలోకి రాని మోకాళ్ళు

మోకాళ్ళ నొప్పిని ఈ పెద్దాసుపత్రి నుంచి శాశ్వతంగా తొలగించామని సూపరింటెండెంటుగారు సభాముఖంగా ప్రకటించారు. నొప్పి ఉన్నవాళ్ళు ఇంకా ఉన్నారు గానీ, వాళ్ళ సంగతి ప్రకటన పరిధిలోకి రాదు. ఇంతటి ఘనకార్యం ఎలా సాధ్యమైందో తెలిస్తే తక్కిన శాఖలవారూ నేర్చుకుంటారన్న సదుద్దేశంతో ఆ వైనం ఇక్కడ విన్నవించడమైనది.

ఆసుపత్రిలో గణాంకాలు చూసే ఉద్యోగిని ఒకావిడ ఉంది. అసలు పేరు హాజరుపట్టీకే తెలుసు, మిగతా అందరికీ ఆవిడ లెక్కలమ్మ. ఆవిడ గది ఎక్స్‌రే విభాగం వెనక, విరిగిన చక్రాల కుర్చీలు పడేసే మూల పక్కన ఉంటుంది. గోడకు అవతల కసరత్తు గది. అక్కడ కసరత్తు మాస్టారు ముసలివాళ్ళను కూర్చోబెట్టి, లేపి, కసిరి, బుజ్జగించి మొత్తానికి నడిపిస్తుంటాడు. లెక్కలమ్మ అత్తగారు అలా రెండోసారి నడక నేర్చుకున్న మనిషే. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆవిడ మంచం దిగి వంటింటిదాకా వచ్చిన రోజున అత్తాకోడళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

అలాంటి వేళ మిషను వచ్చింది. మోకాలికి చుడితే గుయ్యిమంటుంది, పచ్చ దీపం వెలుగుతుంది. అంతకుమించి ఏం చేస్తుందో దాన్ని తెచ్చిన కంపెనీ ఏజెంటుకు కూడా తెలియదు కాబట్టి, అది ఏమైనా చేయగలదని అందరికీ గురి కుదిరింది. పనిచేస్తుందని లెక్కల్లో తేలితే కసరత్తు గది మూసేసి అందులో మిషన్లు పెడతారు. మాస్టారిని పాత కాగితాల విభాగానికి పంపుతారు. తేల్చే పని లెక్కలమ్మకు అప్పగించారు. కసరత్తుకొచ్చే వాళ్ళలోంచి ఇరవై నాలుగు మందిని ఏరి మిషను కింద కూర్చోబెట్టారు. వాళ్ళలో అత్తగారూ ఉన్నారు. పరీక్ష జరిగినన్నాళ్ళూ వీళ్ళకు వార్డులోనే మకాం, కసరత్తు నిషేధం. నెల తిరక్కుండానే అత్తగారు మళ్ళీ గోడ పట్టుకున్నారు.

పరీక్షకు ముందూ తర్వాతా టేపు పెట్టి అందరి నడకనూ కొలిచి సగటు తీశారు. సగటు భేషుగ్గా పెరిగింది. కారణం కంపెనీ ఏజెంటు బావమరిది. ఆయనకు పుట్టి బుద్ధెరిగాక మోకాళ్ళ నొప్పి లేదు. తోడుగా ఉంటాడని చేర్చుకున్నారు. వరండా చివరిదాకా నడవమంటే గేటు దాటి వెళ్ళి, టీ తాగి, పేపరు కొనుక్కుని వచ్చాడు.

"సార్, అందరి నడకా ఆయనొక్కడే నడిచేశాడు. అంకెలను బొమ్మ గీస్తే గంట ఆకారంలో రావాలి, ఇవి రాలేదు. ఇలాంటప్పుడు సగటు నమ్మకూడదు, సగటుతో పనిలేని నాన్‌పారామెట్రిక్ పరీక్షలు చేయాలి" అని లెక్కలమ్మ ఉన్నమాట చెప్పింది.

ఆసుపత్రికి చెందిన గంట ఎవరి అజాగ్రత్త వల్ల ఆకారం కోల్పోయిందో వెంటనే సంజాయిషీ ఇవ్వవలసిందిగా మర్నాడు అన్ని విభాగాలకూ తాఖీదు వెళ్ళింది. స్టోరుకీపరు భోజనాల గంటను మోసుకొచ్చి, చుట్టూ తిప్పి చూపించి గండం గట్టెక్కాడు.

తర్వాత ర్యాంకుల పరీక్ష జరిగింది. ఇందులో ఎవరెంత నడిచారన్నది వదిలేసి, వరసలో ఎవరి చోటు ఎక్కడన్నదే చూస్తారు. దాంతో గేటు దాటినా బావమరిదికి ఒక్క ఫస్టు ర్యాంకే దక్కింది. మిషను జోలికి పోకుండా కసరత్తు చేసుకున్నవాళ్ళు పైన నిలిచారు, మిషనువాళ్ళు అట్టడుగున చేరారు. సూపరింటెండెంటుగారికి అంతకన్నా పెద్ద అపచారం కంటబడింది. సమానంగా నడిచిన ఇద్దరికి ఏడూ ఎనిమిదీ కలిపి పంచి చెరి ఏడున్నర ర్యాంకు వేసి ఉంది.

"ఏడున్నరేంటమ్మా, ఏడున్నర? మావాడు ఇలాంటి ర్యాంకు పట్టుకొస్తే నేను ఇంట్లోకి రానిస్తానా? ఇంకో పరీక్షేం లేదా?"

"సైన్ టెస్టని ఒకటుంది సార్. మెరుగైతే ప్లస్సు, దిగజారితే మైనస్సు. ఎంత అన్నది చూడం. ఏ మార్పూ లేనివాళ్ళను లెక్కలోంచి తీసేస్తాం."

"తీసేస్తామా? అంటే, మనమే?"

"పరీక్ష నియమమే అంత సార్."

సూపరింటెండెంటుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "చూశారా, శాస్త్రమంటే ఇదీ! బాగుపడనివాళ్ళను బాగుచేయడానికి ఇన్నేళ్ళు ఒళ్ళు హూనం చేసుకున్నాం. తీసేస్తే పోయేదని ఒక్కరైనా చెప్పారా?" అని గద్గద స్వరంతో ప్రసంగించారు. ఎంత అన్నది అక్కర్లేనప్పుడు కొలవడం దండగ కాబట్టి టేపును రద్దు చేశారు. టేపులో మెరుగైనవాళ్ళ ప్లస్సులు అలాగే ఉంచి, మిగతావాళ్ళను వార్డుకు తామే స్వయంగా వెళ్ళి ఎలా ఉందో అడిగి గుర్తులు వేస్తామన్నారు.

లెక్కలమ్మ వేళ్ళు మడిచి లెక్కేసింది. బావమరిదితో కలిపి ఆరుగురు మెరుగైనట్టు అప్పటికే తేలింది. మైనస్సు ఒక్కటీ లేకుండా ఆరు ప్లస్సులు గాలివాటంగా పడే అవకాశం నూటికి మూడు. ఐదులోపు ఉంటే మిషను నెగ్గినట్టే. ఒక్కటంటే ఒక్క మైనస్సు పడితే అది పన్నెండు దాటుతుంది, కసరత్తు గది బతుకుతుంది. ఆవిడ తిన్నగా వార్డుకెళ్ళి అత్తగారి మంచం దగ్గర కూర్చుంది.

"అత్తయ్యా, రేపు పెద్ద డాక్టరుగారు అడుగుతారు. నొప్పి ఎక్కువైందని ఒక్కమాట చెప్పండి చాలు. మీ ఒక్క మాటతో మాస్టారి గది నిలబడుతుంది."

"చెప్పక దాచుకుంటానా? కాలు ముడవలేక చస్తున్నా. రానీ, దులిపేస్తాను చూడు!"

మర్నాడు సూపరింటెండెంటుగారు డాక్టర్లతో, నర్సులతో, ఒక ఫోటోగ్రాఫరుతో వేంచేశారు. ఒక్కొక్కరి భుజం తట్టి, ఎలా ఉందని ఎంతో ఆప్యాయంగా అడిగారు. అడిగిందే తడవుగా అందరూ మంచాల మీద సర్దుకుని కూర్చున్నారు. ఒకాయన "ఏదో, తమ దయ" అన్నాడు. ఒకావిడ "అలా నడుస్తోందండి" అంది. నడిచి వచ్చి చేరి ఇప్పుడు స్ట్రెచరు మీద ఉన్న పెద్దాయన "ఫరవాలేదండి" అన్నాడు. వీటిలో బాగుందన్న మాట లేదు, బాలేదన్న మాటా లేదు. అందువల్ల మార్పు లేనట్టు భావించి సున్నాలు వేసి లెక్కలోంచి తీసేశారు.

అత్తగారి వంతు వచ్చింది. సూపరింటెండెంటుగారు ఆవిడ చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నారు. "ఏమ్మా, ఎలా ఉంది?"

అత్తగారు కోడలి వంక చూశారు, పచ్చ దీపం వంక చూశారు, జుట్టు సవరించుకున్నారు.

"ఫరవాలేదు బాబూ. మీరు కులాసాయేనా?"

పరివారం వెళ్ళిపోయాక కోడలు మీదికి లేచింది. "అదేంటత్తయ్యా, దులిపేస్తానన్నారు!"

"అంత పెద్దాయన చెయ్యి పట్టుకుని అడుగుతుంటే బాలేదని మొహం మీద ఎలా అంటానే? బాగోదు కదా." అంటూనే లేవబోయి, లేవలేక, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. లెక్కలమ్మకు పట్టరాని కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక అత్తగారి మోకాలు ఒత్తుతూ కూర్చుంది.

ఇక సభ. వేదిక మీద మిషను, దాని పక్కన బావమరిది. హాలు చివర చాప చుట్టి చంకన పెట్టుకున్న మాస్టారు. ముందు వరసలో చక్రాల కుర్చీలో అత్తగారు. ప్రకటన ముగించి సూపరింటెండెంటుగారు లెక్కలమ్మను వేదిక మీదికి పిలిచారు. "ఇదంతా మా లెక్కలమ్మ చలవే. ఏమ్మా, నిష్పక్షపాతంగా చెప్పు. పరీక్షలో ఏమైనా లోపముందా?"

మైకు ఆవిడ నోటి ముందుకొచ్చింది. చెప్పవలసిన వాక్యం ఆవిడ దగ్గర సిద్ధంగా ఉంది, దారి పొడుగునా వల్లె వేసుకుంది. మాస్టారు తలెత్తి చూశాడు. సూపరింటెండెంటుగారు చిరునవ్వు చెదరకుండా ఎదురుచూస్తున్నారు. అంతమందిలో, ఆయన మొహం మీద...

"ఫరవాలేదు సార్" అంది లెక్కలమ్మ.

హాలు చప్పట్లతో మారుమోగింది. అత్తగారు కూడా కొట్టారు. మాస్టారు చాప కింద పెట్టి మరీ కొట్టాడు.

ఈ పద్ధతిని నీటి సరఫరాకూ, బడులకూ, రోడ్లకూ వర్తింపజేయాలని పైనుంచి ఉత్తర్వులు వచ్చాయి. త్వరలో మీ గుమ్మం ముందుకూ ఒక పెద్దమనిషి వస్తాడు. మీ చెయ్యి పట్టుకుని, ఎలా ఉన్నారని నవ్వుతూ అడుగుతాడు. మీ సున్నా ఆయన ఇంటి దగ్గరే వేసుకుని బయల్దేరతాడు.