అర ఎకరం గంటలు

మన యాసలో మొక్కుకుంటే అమ్మవారికి సరిగ్గా అర్థమవుతుందా? ఈ సందేహం సింహాద్రిని పన్నెండేళ్లుగా వదల్లేదు. ఆనందపురం దగ్గరున్న తన అర ఎకరంలో బోరు పడితే గంట కడతానని చేనుగట్టు మీది చిన్న గుడిలో మొక్కుకున్నాడు. నీళ్లు పడ్డాయి. గంట కొనడం మాత్రం పడలేదు. ఆ వైపు సజ్జలను గంట్లంటారు. అమ్మవారు 'గంటి' అనే విని ఉంటుందిలే అని, ఏటా ఒక కంకి ఆవిడ పాదాల దగ్గర పెట్టి వస్తున్నాడు.

"ఆయమ్మకి సెవుడనుకున్నావేటి?" అంటుంది భార్య పుష్ప.

కాపురం కంచరపాలెంలో, ఉద్యోగం పోర్టులో. రైతు సాయం డబ్బు ఆగిందనీ, స్వయంగా రాకపోతే జాబితాలోంచి పేరు తీసేస్తామనీ ఫోనుకు మెసేజ్ వచ్చింది. అందుకని ఆ ఉదయం సింహాద్రి వేసుకున్న పథకం చిన్నదే. వెళ్లి సంతకం పెట్టాలి, అమ్మవారికి ఈ ఏటి కంకి ఇవ్వాలి, రెండు గంటల షిఫ్టుకు వచ్చేయాలి. కంకిని పసుపు గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

రైతు కేంద్రంలో పనిచేసే ఆశాజ్యోతి అనంతపురం నుంచి వచ్చి నెల కూడా కాలేదు. కంప్యూటర్లో అతని పేరు వెతికింది.

"అర ఎకరంలో గంటలు. ఫోన్లో నువ్వు చెప్పిందే రాసినా. గంటలు యాడున్నాయన్నా?"

"సేలోనే ఉన్నాయమ్మా. నడుమెత్తు ఎదిగిపోనాయి."

"నడుమెత్తు గంటలా!"

"బాగానే ఎదిగాయి గానీ, సగం పిట్టలు తినేసినాయి."

ఆశాజ్యోతి మంచినీళ్లు తాగి, పై అధికారికి ఫోను చేసింది. కాసేపు విని తలెత్తింది.

"ఇనుమా, ఇత్తడా అని అడుగుతున్నారన్నా."

ఆ పేర్లతో కొత్త విత్తనాలు ఎప్పుడొచ్చాయో సింహాద్రికి తెలియదు. "నాటు రకమేనమ్మా," అన్నాడు.

పన్నెండింటిలోగా పంటను చేత్తో పట్టుకుని ఫోటో దిగకపోతే పేరు కొట్టేయమన్నారట. సంచిలో కంకి ఉంది. కానీ అమ్మవారిది తీసి గవర్నమెంటుకు ఎలా చూపిస్తాడు? చేలో పిట్టలు మిగిల్చినవి చూపించేలా లేవు. ఇంట్లో చూరుకు కట్టిన మంచి కంకులు గుర్తొచ్చి, రోడ్డు మీదికొచ్చి, లారీల హారన్ల మధ్య పుష్పకు ఫోను చేశాడు.

"ఆ అమ్మ గంటి సూపించమంటంది! ఇయ్యాల ఇవ్వకపోతే మన పేరుండదంట! బేగి తే!"

పుష్ప చెవిన 'గంట' అనే పడింది. ఇక ఆ అమ్మ ఎవరో వేరే చెప్పాలా?

పదకొండున్నరకు ఆటో దిగి, కొత్త ఇత్తడి గంటను ఆశాజ్యోతి బల్ల మీద పెట్టి లెంపలేసుకుంది. ఆ పిల్లకు అమ్మవారు పూనిందనే ఆమె నమ్మకం.

"తప్పు మాదే తల్లీ. పన్నెండేళ్లు జాగు సేసినాం."

ఆశాజ్యోతి గంటను తిప్పి చూసింది. "ఇత్తడే," అంది నిట్టూరుస్తూ. "ఇది పంట కాదన్నా. పేరు కొట్టేస్తున్నా."

సింహాద్రి సంచిలో చెయ్యి పెట్టాడు. "అమ్మా, కోపం తెచ్చుకోకు," అని అమ్మవారికి చెప్పుకుని పసుపు గుడ్డ విప్పాడు.

"ఇవి సజ్జలు కదన్నా!" అంటూ ఆశాజ్యోతి కంప్యూటర్లో టకటకా కొట్టింది.

"సజ్జలేటి? నానేసింది గంట్లు. అబద్ధం రాస్తే సంతకం ఎట్టను."

"మా ఊర్లో సజ్జలు, మీ ఊర్లో గంట్లు. తినే పిట్టకు రెండూ ఒకటే. పట్టుకో, ఫోటో తీస్తా."

సింహాద్రి పేరు జాబితాలో నిలిచింది. సాక్ష్యంగా ఉండాలని ఆశాజ్యోతి కంకిని ఫైలుకు కట్టేసింది. అమ్మవారికని తెచ్చింది గవర్నమెంటుకు పోయింది, గవర్నమెంటు కోసం వచ్చింది చేతిలో మిగిలింది.

"ఉత్త సేతుల్తో ఎల్తావేటి గుడికి?" అంది పుష్ప.

షిఫ్టు సంగతి మరిచి ఇద్దరూ చేనుగట్టుకు నడిచారు. సింహాద్రి గుడి ముందు గంట కట్టి, కళ్లు మూసుకుని గట్టిగా మోగించాడు. ఆ మోతకు చేలోని పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

పన్నెండేళ్లుగా తను ఎవరిని మేపుతున్నాడో సింహాద్రికి అప్పుడు అర్థమైంది.