మాజీ సర్పంచ్ గారి చేపకు నలత

తల్లాడ అవతల ఒక ఊళ్ళో మాజీ సర్పంచ్ వెంకటనారాయణ గారింటికి కొత్తగా వచ్చిన బంగారు చేపకు ఒంట్లో బాగాలేదని విచారంతో తెలియజేయడమైనది.

రెండువేల ఆరు ఎన్నికల్లో ఓడిన నాటి నుంచి ఆయన అరుగు మీద కాకి వాలలేదు. ఒకప్పుడు అక్కడే టీలు తాగినవాళ్ళు ఇప్పుడు చెప్పులు చూసుకుంటూ దాటిపోయేవారు. పాపం, ఆయన ప్రాణం ఉసూరుమనేది. ఈశాన్యంలో చేపల తొట్టి పెడితే పోయిన వైభవం తిరిగొస్తుందని వాస్తు పండితుడు సెలవిచ్చాడు. ఖమ్మంలో దస్తగిరి దుకాణం నుంచి తొట్టీ, చేపా జీపులో తరలివచ్చాయి. దారి గతుకులకు చేప బిక్కచచ్చిపోయి, తొట్టి అడుగున ఒక మూల నక్కింది. మేత ముట్టలేదు.

కబురు పొక్కింది. శత్రువైనా సరే, జబ్బుపడితే బన్నురొట్టె పట్టుకుని పోయి పలకరించి రావాలనే పద్ధతి గల ఊరది. అందరూ వచ్చారు. అరుగు నిండింది. అద్దం మీద టకటకా కొట్టి పలకరించారు. తెచ్చిన రొట్టె తుంచి తొట్టిలో వేశారు. ములకలపల్లి వియ్యంకుడు తునికిపండ్లు తెచ్చాడు. ఎవరో ముసలమ్మ దిష్టి తీసిన ఉప్పు కూడా అందులోనే పడేసింది. ఇప్పటి సర్పంచ్ బాలకృష్ణ లేచి గొంతు సవరించుకున్నాడు.

“పార్టీలు ఎన్నున్నా జబ్బుకు పార్టీ లేదు. ఈ కష్టకాలంల మా పాలకవర్గం చేపకు అండగ ఉంటదని మనవి చేస్తున్న.”

చప్పట్లకు చేప ఒక పక్కకు ఒరిగిపోయింది. వెంకటనారాయణ హడలిపోయి దస్తగిరికి ఫోన్ చేశాడు.

“కొత్త చోటు గదా పటేలా, బెదిరింది. జల్దీ నీళ్ళు కొన్ని మార్చి, లైటు తీసి, గుడ్డ కప్పుండ్రి. రెండు రోజులు మేత బంద్. ఎవ్వర్నీ దగ్గరికి రానీయకుండ్రి.”

ఎవ్వర్నీ రానీయకపోతే చేప బతుకుతుంది. మరి అరుగు? ఆయన తటపటాయించాడు.

“మీ అరుగు నిండటానికి దాని పానం తీస్తరా?” అంది భార్య సుజాత. నీళ్ళు మార్చి, దుప్పటి కప్పి, తలుపుకు గొళ్ళెం పెట్టింది.

చేప కోలుకుంది. మేత తింది. వెంకటనారాయణ ఆనందం పట్టలేక ఊరంతా కబురు పంపి, బిందెడు పాలు కాయించాడు. ఒక్కరూ రాలేదు. బాగున్నవాళ్ళను చూసొచ్చే ఆచారం మనకు లేదు గదా. సాయంత్రానికి పాలు విరిగిపోయాయి.

మర్నాడు చేపకు జబ్బు తిరగబెట్టిందని ఆయనే చాటింపు వేయించాడు. సుజాత మాత్రం చేపను ముందే పెరట్లోని నీళ్ళగాబులోకి మార్చి, మూత వేసి, దాని పక్కనే కాపలా కూర్చుంది.

ఊరు ఊరంతా వచ్చింది. దుప్పటి కప్పిన వట్టి తొట్టి ముందు బాలకృష్ణ కండువాతో కళ్ళొత్తుకున్నాడు. ముక్కు చీదినవాళ్ళున్నారు, మొన్నటి కంటే చేప ముఖంలో కళ వచ్చిందని ధైర్యం చెప్పినవాళ్ళున్నారు. దుప్పటి ఎత్తి చూసినవాళ్ళు లేరు. తాము వచ్చిన సంగతి వెంకటనారాయణ కంటపడిందని రూఢి చేసుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు.

అమాయకపు జనం అని నవ్వుకుంటున్నారా? అవునూ, మొన్న మీరు బత్తాయిలు పట్టుకుని చూసొచ్చారే, ఇంతకీ ఆ మనిషికి ఏం జబ్బు?