కుళాయి కథానాయిక

నీటి సరఫరా మంత్రిగారు ప్రజాసేవలో మరో మెట్టు ఎక్కారు. ఇకమీదట కుళాయి రాకపోతే ఎవరూ ఫిర్యాదు చెయ్యనక్కర్లేదనీ, కొత్త యాప్‌లో తమ కథ చెప్పుకుంటే చాలనీ ఆయన టౌన్‌హాల్లో ప్రకటించగానే చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. ముందు వరసలో కూర్చుని కొట్టకపోతే ఏం బాగుంటుంది?

పాత యాప్‌లో రాసుకోవడానికో పెట్టె, పంపడానికో బటన్ ఉండేవి. అందులో హృదయం లేదని డిజైన్ సలహాదారు కనిపెట్టాడు. ఈయన కళ్ళు మూసుకుని మాట్లాడే రకం. మంత్రిగారి గదిలో వాళ్ళిద్దరి మధ్యా జరిగిన సంభాషణ ఆయన డ్రైవరు చెప్పగా విన్నాను.

"యూజరే హీరో సార్. హీరోకి కష్టం రావాలి, ప్రయాణం ఉండాలి, మలుపుండాలి. అప్పుడే యాప్‌తో అనుబంధం ఏర్పడుతుంది."

మంత్రిగారి ముఖం చిన్నబోయింది. "హీరో వాళ్ళయితే మరి నేనెవర్నయ్యా?"

"దారి చూపించే గురువు సార్. ప్రతి పేజీలోనూ మీ ఫొటో ఉంటుంది."

"అయితే సరే. హీరో వేషం జనానికే ఇచ్చెయ్యండి."

ఇంత త్యాగం ఈ రోజుల్లో ఎవరు చేస్తారు?

ఆ త్యాగఫలం ముందుగా మా కింది వాటాలోని పిన్నిగారికి దక్కింది. రోడ్డు తవ్వినప్పట్నుంచీ ఆవిడ కుళాయి గాలి తప్ప ఇవ్వడం లేదు. ఇంట్లో బాలింత కూతురు, చంటిబిడ్డ. ఉతకాల్సిన గుడ్డలు బాత్‌రూమ్ దాటి హాల్లోకి వచ్చేశాయి. వీధి చివర ట్యాంకరు నుంచి మోసి మోసి పిన్నిగారి నడుం పట్టేసింది. చూడలేక నా ఫోనులో యాప్ తెరిచాను.

'కథానాయికకు స్వాగతం' అని వచ్చింది.

"ఎవరు బాబూ అది?"

"మీరే పిన్నీ."

"ఈ వయసులో నాకెందుకవన్నీ? నీళ్ళు రావట్లేదని రాయి."

రాయడానికి చోటు లేదు. మీ కథలో విలన్ ఎవరని అడిగి, ఎండ, విధి, గత ప్రభుత్వం అని చూపించింది.

"రోడ్డు తవ్వించిన ఇంజినీరు అని లేదూ?"

"లేదు పిన్నీ."

"అయితే విధి నొక్కు. ఆయన్ని మనకి అంటగట్టింది అదేగా."

నొక్కాను. 'మీ కష్టం ఇంకా పండలేదు. మరికొంత కష్టపడి రండి' అంది యాప్. కింద మంత్రిగారు చెయ్యెత్తి దీవిస్తున్నారు.

మర్నాడూ అదే మాట. బిడ్డకి తొడగడానికి పొడిగుడ్డ లేదని కూతురు ఏడుపు మొదలెట్టేసరికి పిన్నిగారికి తిక్కరేగింది. బకెట్ పట్టుకుని నీటి సరఫరా ఆఫీసుకి బయల్దేరింది. నేనూ వెంటపడ్డాను.

అక్కడ యాప్ విజయోత్సవం జరుగుతోంది. మంత్రిగారు, సలహాదారు, ఇంజినీరు మెడనిండా దండలతో ఉన్నారు. గోడంతా ఒకావిడ ఫొటో.

"ఈవిడెవరు నాయనా?" అంది పిన్ని.

సలహాదారు కళ్ళు మూసుకున్నాడు. "ఈవిడ కోసమే ఈ యాప్ తయారు చేశామండీ. ఇంట్లో చంటిబిడ్డ. రోడ్డు తవ్వాక కుళాయి ఆగిపోయింది. పాపం, నీళ్ళు మోసి మోసి నడుం పడిపోయింది."

మంత్రిగారు రుమాలుతో కళ్ళొత్తుకున్నారు. పిన్నికీ కళ్ళు చెమర్చాయి.

"అచ్చం నా బాధే. మరి ఆవిడకి నీళ్ళొచ్చాయా?"

"వచ్చేశాయండీ. సుఖాంతం."

"పోనీలే, చల్లగా ఉండనీ. ఆవిడిల్లెక్కడో చెప్పు, రెండు బకెట్లు పట్టుకుపోతాను."

సలహాదారు కళ్ళు తెరిచాడు. "ఇల్లేమిటండీ? అసలు ఆవిడే లేదు. పర్సోనా అంటాం. డిజైన్ కోసం మేం ఊహించుకున్న మనిషి."

ఇంజినీరుకి రోషం వచ్చింది. లేచి నిలబడ్డాడు.

"లేకపోవడమేమిటండీ? మంత్రిగారు ఆర్డరేశాక ఊరుకుంటామా? మొన్ననే ఆవిడింటికి కొత్త పైపు వేశాం. నీళ్ళు బాగా వస్తున్నాయని ఆవిడ చేత సంతకం కూడా పెట్టించుకున్నాం!"

"పనిమంతుడివయ్యా!" అని మంత్రిగారు ఆయన భుజం తట్టారు. హాలంతా చప్పట్లు.

పిన్నిగారు ఖాళీ బకెట్ ఇంజినీరు ముందు పెట్టింది.

"నా సంతకం కూడా నువ్వే పెట్టేసుకో నాయనా. నీళ్ళు మాత్రం నాకిప్పించు."