గేదె ముందు గురువు శ్లోకం

ఆ ఆదివారం పొద్దున తెనాలిలో అనంతలక్ష్మి వేసుకున్న పథకం చిన్నదే. రెండున్నరేళ్ల మనవరాలు మేధను బాపట్ల తీసుకెళ్లాలి, కల్యాణ మండపంలో పసిపిల్లల పోటీలో మూడు శ్లోకాలు చెప్పించాలి, రేపల్లె వియ్యపురాలు హైమావతి నోరు మూయించాలి. మూడో పని కోసమే మొదటి రెండూ. అంతకుముందే హైమావతి ఫోనులో తేల్చేసింది.

"మీకు చేతకాకపోతే చెప్పండి వదినగారూ. పిల్లని ఏడాదిపాటు నా దగ్గరుంచుకుని నేనే నేర్పుకుంటాను."

ఉద్యోగాల పరుగులో ఉన్న కొడుకూ కోడలూ, గెలిచిన వారికే పిల్ల అన్నట్టు తలలూపారు.

వేదికెక్కిన మేధ చేతులు జోడించి, నోరు తెరిచి, అలాగే నిలబడిపోయింది. సంస్కృతం తన వల్లే బతికుందని నమ్మే న్యాయనిర్ణేత భరద్వాజ ముందుకు వంగాడు.

"ఏంటమ్మా, మర్చిపోయావా?"

"ముద్ద," అంది మేధ.

అసలు సంగతేమిటంటే, అనంతలక్ష్మి పిల్లను చంకనేసుకుని వీధంతా తిప్పుతూ అన్నం పెట్టేది. ముద్దకో పాదం చొప్పున శ్లోకాలూ కుక్కింది. వినాయకుడి శ్లోకం పంపు దగ్గర, గురువు శ్లోకం పాలవాళ్ల గేదె దగ్గర, సరస్వతి శ్లోకం ఇస్త్రీ బండి దగ్గర. ఆ పిల్ల లెక్కన గురువంటే గేదె.

ముందు వరుసలో హైమావతి చీర కొంగుతో నవ్వు తుడుచుకుంది. అది చూసి అనంతలక్ష్మి క్యారేజీతో సహా వేదికెక్కి పిల్లను చంకనేసుకుంది.

"ఎత్తుకోకూడదని మీ నిబంధనల్లో లేదు కదండి."

"లేదు గానీండి..." అని భరద్వాజ కాగితాలు వెతికే లోపల ఆవిడ చేతులు కడిగే పంపు దగ్గరికి చేరింది. ముద్ద నోట్లో పడగానే పిల్ల వినాయకుణ్ణి గడగడా చెప్పేసింది. రెండోదానికి గేదె కావాలి. కల్యాణ మండపంలో గేదె ఎక్కడిది? ఆవిడ రోడ్డెక్కింది. వెనక మైకు మనిషి, వైరు తెగేదాకా. ఆ వెనక భరద్వాజ, తల్లులు, పిల్లలు. కర్లపాలెం రోడ్డులో దొరికిన గేదె ఇంతమందిని చూసి, తనను అమ్మేస్తున్నారనుకుందో ఏమో, నడక పెంచింది.

ఫర్లాంగు దాటేసరికి అనంతలక్ష్మికి ఊపిరి అందలేదు. హైమావతికి కావలసిందీ అదే.

"ఇటివ్వండి వదినగారూ. ఎత్తుకోవడం కూడా నేనే నేర్పాలి మీకు."

పద్నాలుగు కిలోల పిల్లను లాక్కుని చంకనేసుకుంది. గేదె ఆగలేదు, ఆవిడా ఆగలేదు. చెరువు గట్టున గేదె నిలబడితే, అనంతలక్ష్మి అందించిన ముద్ద మింగి మేధ గురువుకు దండం పెట్టి శ్లోకం చెప్పేసింది. ఇస్త్రీ బండి కోసం మళ్లీ బజారుదాకా నడక. అక్కడ సరస్వతి శ్లోకం కూడా పొల్లుపోకుండా వచ్చింది.

"విన్నారా? నా చేతుల్లో ఎలా చెప్పిందో," అంది హైమావతి.

అనంతలక్ష్మి వేళ్లమీద లెక్కేసుకుంది. రెండు శ్లోకాలు అవతలివాళ్ల చంకలోనే అయ్యాయి. పిల్ల రేపల్లె పోయినట్టే.

"రేపటినుంచి రోజుకి మూడు పూటలూ ఇలాగేనా అండి తిప్పడం?" అని అడిగాడు ఇస్త్రీ బాబూరావు, ఊరికే.

"నాలుగండి. సాయంత్రం పాలన్నం కూడా ఉంది," అంది అనంతలక్ష్మి, నిజమే చెబుతూ.

హైమావతి పిల్లను దించబోయింది. పిల్ల దిగింది, ఆవిడ నడుము లేవలేదు. వంగినది వంగినట్టే ఉండి, నేల చూపులు చూస్తూ పలికింది.

"వదినగారూ, పసిదానికి చోటు మారిస్తే ఒంటికి పడదు. మీ దగ్గరే ఉండనివ్వండి."

అందరూ తిరిగొచ్చాక భరద్వాజ మొదటి బహుమతి, ఆ గంటన్నరా మండపంలోనే నిద్రపోయిన ఓ పిల్లవాడికి ఇచ్చాడు, క్రమశిక్షణ బాగుందని.