గాల్లో సంచి

ఆ ఉదయం ఫోటోగ్రాఫర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. ముందురోజు కొత్త రూటులో మొదటి బస్సు ఎక్కుతున్న జనాన్ని తీసిన ఫోటో ఇంటినుంచే పత్రికకు పంపేసి, మధ్యాహ్నం దాకా ముసుగు తన్ని పడుకోవాలి. పంపేలోపే వెనకనుంచి అత్తగారు కెవ్వుమన్నారు.

"బాబూ, అది నేనే! అమ్మాయి చూసిందంటే ఇంకేమైనా ఉందా?"

నిజమే. మోకాళ్ల నొప్పులని మూడు నెలలుగా కూతురిచేత అన్నీ మంచం దగ్గరికే తెప్పించుకుంటున్న ఆవిడ, ఫోటోలో కండక్టర్ని మోచేత్తో నెట్టి అందరికంటే ముందు బస్సులోకి దూకుతున్నారు.

"ఉన్నది ఉన్నట్టే వెయ్యాలత్తయ్యా. మారిస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

ఆవిడ కళ్లు ఒత్తుకున్నారు. అతను మెత్తబడిపోయి ఫోటోలోంచి ఆవిడను చెరిపేశాడు. ఆవిడ పైకెత్తి పట్టుకున్న పువ్వుల బొమ్మల సంచిని మాత్రం వెనకాయనదనుకుని వదిలేశాడు.

మర్నాడు పత్రికలో కండక్టర్ నెత్తిమీద సంచి గాల్లో నిలబడి ఉంది. పాఠకుల ఫోన్లతో ఆఫీసు దద్దరిల్లింది.

"ఏమయ్యా, ఫోటో మార్చావా? మార్చుంటే ఇవాళే ఇంటికి!" అన్నాడు ఎడిటర్.

"అయ్యో, లేదు సార్! సీటు కోసం ఎవరో సంచి విసిరారు. అది గాల్లో ఉండగా ఫోటో కొట్టాను."

ఎడిటర్ లేచి కౌగిలించుకున్నాడు. "ఏం టైమింగయ్యా! ఈ ఏడు ఫోటోల పోటీకి ఇదే పంపుదాం." అంతటితో ఊరుకున్నాడా? సంచి విసిరినవాళ్లు వస్తే బహుమతి ఇస్తామని మొదటి పేజీలో వేయించాడు.

మూడో రోజుకు పదకొండు మంది వచ్చి సంచి తమదేనన్నారు. ఒకావిడ ఎలా విసిరిందో చూపించబోయి ట్యూబ్‌లైటు పగలగొట్టింది. ఫోటోగ్రాఫర్‌కు గోడకేసి తల బాదుకోవాలనిపించింది. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే ఈ గోల ఆగదు.

అప్పుడే తలుపు ధడాలున తెరుచుకుంది. లిఫ్టు పాడైన ఆ భవనంలో మూడంతస్తులూ ఒక్క బిగిన ఎక్కి, సంచి ఊపుతూ అత్తగారు! వెనకే పరుగున వచ్చి ఆయాసపడుతున్న కూతురు.

"సిగ్గులేదూ మీకు? ఈ సంచి నాది! బస్సు ముందెక్కింది నేను! కావాలంటే మా అల్లుణ్ణడగండి, నన్ను చెరిపింది ఆయనే!"

"అమ్మా, మోకాళ్లు..." అంది కూతురు.

"అవి తర్వాత!"

ఎడిటర్ మర్నాడు క్షమాపణ చెబుతూ అసలు ఫోటో వేశాడు. అందరి ముందూ కౌగిలించుకున్నవాడు కనుక ఉద్యోగం పీకడానికి మొహం చెల్లలేదు. ఇంట్లో ఇప్పుడు వంట అత్తగారిదే. ఫోటోగ్రాఫర్ని మాత్రం శ్రద్ధాంజలి పేజీకి మార్చారు. అక్కడ మనుషుల్ని చెరిపే పని దేవుడే చూసుకుంటాడు.